పనసచెట్టుకు ఇనుప మొలతాడు

బిర్సానగర్‌లో మా వీధి మొగలో నిలబడి నా గురించి ఎవరినడిగినా ఒకటే చెబుతారు. "ఆవిడా? ఆవిడ మాటల్లో ముప్పాతిక వంతు తీసెయ్యండి. మిగిలిన పాతిక పక్కింట్లో కనుక్కుని నమ్మండి." ఇందులో నాకు నామోషీ ఏమీ లేదు. మా నాన్న నుంచి నాకు వచ్చిన ఆస్తి అదొక్కటే. ఆయన రైల్వే ఉద్యోగి. ఈ ఊళ్ళోనే బర్మామైన్స్ రైల్వే క్వార్టర్ గుమ్మంలో కూచుని, బ్రేకు తప్పిన గూడ్సు బండిని మెడలో కండువా తీసి కొక్కేనికి తగిలించి లాగి ఆపానని చెప్పేవాడు. "కండువా చిరిగిపోలేదా?" అంటే, "పొందూరు ఖద్దరే అది. చిరగడానికి ఏటనుకున్నావు?" అనేవాడు.

నేను ఆయన్ని మించిపోయాను. నా పెళ్ళి భోజనాల్లో పనసపొట్టు కూరలో ఆవ ఎంత ఘాటుగా పడిందంటే, మా ఊరి టాటానగర్ స్టేషన్లో ఆగిన బండిలో ప్రయాణికులు తుమ్మి తుమ్మి పైబెర్తుల్లోంచి కింద పడ్డారని చెబుతాను. ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళు కూడా కాదనరు. వాళ్ళ ముక్కులకు అది గుర్తే.

ఇప్పుడు చెప్పబోయేదానిలో మాత్రం తీసెయ్యాల్సిన ముప్పాతిక లేదు. నమ్మకపోయినా ఫరవాలేదు. నాకు అలవాటే.

మా పెరట్లో ఒక పనసచెట్టు ఉండేది. మా మామగారు పోవడానికి కొద్దికాలం ముందు, శ్రీకాకుళం వైపు నుంచి ఎవరో తెచ్చిన పండు తిని, ఆ గింజల్లో ఒకటి నాటాడు. ఇల్లు రెండు వాటాలు. ఒక దాంట్లో నేనూ, మా ఆయనా. రెండో దాంట్లో మా బావగారు, అంటే మా ఆయనకి అన్నయ్య, ఆయన కుటుంబం. పెరడు ఉమ్మడి. మా అత్త ఒక నెల ఇటు, ఒక నెల అటు.

మా వాటా మీద రేకు. ఎండాకాలం ఆ రేకు కింద అప్పడం పెడితే దానంతటదే వేగుతుంది. ఇది కోత కాదు, కావాలంటే వచ్చి చూడండి. కరోనా కాలంలో బళ్ళు మూసేసినప్పుడు వీధిలో పిల్లలు కుక్కపిల్లల్లా తిరుగుతుంటే, పనసచెట్టు కింద చాప పరిచి నేను పాఠాలు మొదలుపెట్టాను. బళ్ళు తెరిచాక కూడా ఆ పిల్లలు మానలేదు. సాయంత్రమయ్యేసరికి సంచులు తగిలించుకుని వచ్చేవాళ్ళు. నాన్న ఇల్లు నాన్నది, ఈ ఇల్లు వీళ్ళది. ఇదిగో ఇది నాది అని చెప్పుకోవడానికి నా బతుకులో ఆ నీడ ఒక్కటే ఉండేది. చెట్టు ఉన్నంతసేపే నీడ, నీడ ఉన్నంతసేపే నా బడి.

మొక్కల పాఠం నాకు ఇష్టం. చూపించడానికి మొక్క నెత్తిమీదే ఉంటుంది మరి. నేను తెలుగులో అడిగితే పిల్లలు హిందీలో జవాబిచ్చేవాళ్ళు. ఇద్దరికీ అర్థమయ్యేది.

"వేరంటే ఏటర్రా?" అనేదాన్ని. "వీధి కుళాయి కాడ బిందెలతో నిలబడ్డ మేము. సన్న సన్న వేళ్ళతో మట్టిలోంచి నీళ్ళు పీల్చి పైకి పంపుతాది. ఆ నీళ్ళు చెట్టు లోపలి చెక్కలోంచి పైకెక్కుతాయి. ఎక్కడికి? వంటింటికి. వంటిల్లు ఏది?"

"పత్తా!" అని ఆకులు చూపించేవాళ్ళు, పుస్తకంలో ఉంది కాబట్టి.

"ఆ. ఆకు వంట చేత్తాది. పొయ్యి ఎండ. వేరు పంపిన నీళ్ళూ, గాలిలోంచి తను లాక్కున్నదీ కలిపి చక్కెర వండుతాది. ఒక్కటే షిఫ్టు, పగటి షిఫ్టు. ఆకు అడుగున కంటికి కనపడని నోళ్ళుంటాయి. ఎండ మరీ ముదిరితే, నీళ్ళు ఎగిరిపోకుండా ఆ నోళ్ళు మూసేసుకుంటాది." ఇక్కడికొచ్చేసరికి గుమ్మంలో కూచున్న మా అత్త వైపు ఒకసారి చూసేదాన్ని. ఎండ ఎంత ముదిరినా ఆవిడది మూతపడదు.

ఒక పిల్ల అడిగింది, "ఆంటీ, ఖానా నీచే కైసే జాతా హై?" వంటిల్లు పైనుంటే తినేవాళ్ళ దగ్గరికి తిండి కిందకి ఎలా దిగుతుందని. మంచి ప్రశ్న. పనసచెట్టు బెరడు మీద గోటితో గీసి చూపించాను. "నీళ్ళు ఎక్కే దారి లోపల చెక్కలో. తిండి దిగే దారి ఇదిగో, ఈ బెరడు కిందున్న మెత్తటి పొరలో. వేరు వంట చెయ్యదు. పైనుంచి కేరేజీ రావాల్సిందే. అయినా నీళ్ళు మోత్తాది కాబట్టి మన ఇళ్ళల్లో మగాళ్ళ కన్నా నయం."

పిల్లలు నవ్వారు. నమ్మారా అంటే, లేదు. "ఆకు వండుతాదంట" అని ఒకరినొకరు గిల్లుకున్నారు. అదే రోజు, ఈ చెట్టు వేరు భూమిలోపల పాకుతూ పాకుతూ భుయ్యాడీహ్ రేవు దాకా పోయి సుబర్ణరేఖ నదిలో నీళ్ళు తాగి వస్తోందని, అందుకే వేసవిలో నది సన్నబడుతోందని చెప్పాను. అది మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని నమ్మేశారు. ఒకడు చెవి నేలకి ఆనించి గుటకల చప్పుడు వినిపిస్తోందన్నాడు కూడా. నిజం చెప్పడంలో నాకు చేతకానిది ఏదో ఉందని ఆరోజే అనుమానం వచ్చింది.

చెట్టు కాయడం లేదు. అదీ చిక్కు. మా బావగారికి ఆ చోట రెండు గదులు వేసి అద్దెకివ్వాలని ఉంది. ఆయన ఒక ఫ్యాక్టరీ యార్డులో కాంట్రాక్టు పనివాడు. ఉక్కు రేకుల చుట్టలకి పట్టీలు బిగించి లారీకి ఎక్కించే పని. మాట తక్కువ మనిషి. మా వంశంలో నేను చూసిన ఏకైక వినే మనిషి. నాతో మాట్లాడితే "అమ్మా" అని తప్ప పిలవడు.

"కాయని సెట్టు ఎందుకే అమ్మా? ఆకులు ఊడ్సుకోడానికా?" అన్నాడు వాళ్ళమ్మతో.

మా అత్త ఒక శాసనం చేసింది. "కాయకపోతే కొట్టీయ్. కాసే సెట్టు మీద మాత్రం గొడ్డలి పడితే, నీళ్ళోసుకున్న ఆడదాని మీద పడినట్టే. నాను బతికుండగా పడనివ్వను." ఇంకో మాట కూడా అంది. "వచ్చే యేటికి సూద్దారి."

అంటే నా బడికి కూడా వచ్చే యేడే గడువు.

నిజానికి చెట్టు గొడ్డుది కాదు. పనసకి రెండు రకాల పూత. మగపూత ముందొస్తుంది. వేలంత పొడవున కొమ్మకి వచ్చి, నల్లబడి రాలిపోతుంది. మా పిల్లలు వాటిని ఏరుకుని ఉప్పూ కారం అద్దుకు తినేవాళ్ళు. ఆడపూత తర్వాత, చెట్టు బలం చూసుకుని, మొదలు మీదా పెద్దకొమ్మల మీదా వస్తుంది. అది వస్తేనే కాయ. మగపూత మొదలైందంటే ఒకటి రెండేళ్ళలో ఆడపూత కూడా వస్తుందనే లెక్క. ఇది మా అత్తకి చెప్పాను.

"రాలిపోయేది పూతేటే? అలగయితే నా నెత్తిమీద రాలిపోయేదీ జుట్టే" అంది.

వాళ్ళ ఊళ్ళో కాయని చెట్టుకి చేసేది ఆవిడకి తెలుసు. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పొద్దున్నే అందర్నీ పెరట్లోకి పిలిచింది. చెట్టుని బెదిరించాలి. ఒకరు గొడ్డలి ఎత్తాలి, ఒకరు చెట్టు తరఫున బతిమాలాలి. గొడ్డలి మా బావగారికి ఇచ్చారు.

"కాత్తావా, నరికీమంటావా?" అన్నాడాయన గొడ్డలి ఎత్తి. ఆ గొంతులో అంత నిజాయితీ నేనెప్పుడూ వినలేదు.

"ఒద్దు బాబో, ఒద్దు! వచ్చే యేడు కాత్తాది. నాది పూచీ!" అని మా అత్త చెట్టుని కావలించుకుని ఏడుపు గొంతు పెట్టింది. ఆ నటనకి గోడ అవతల ఒడియా వాళ్ళావిడ నిజంగానే కళ్ళొత్తుకుంది.

తర్వాత ఇనుము. గొడ్డు చెట్టు మొదట్లో ఇనుపమేకు దిగ్గొడితే కాస్తుందని మనవైపు నమ్మకం. మా అత్త మేకు చేతిలోకి తీసుకుని పెదవి విరిచింది. "ఇది ఇనుము ఊరు. గాల్లోనే ఇనుము. ఈ ఊరి సెట్టు మేక్కి బయపడతాదేటి? ఒరే పెద్దోడా, నువ్వు కట్టే పట్టీ ఒకటి తేరాదేటి?"

పెద్దోడు తెచ్చాడు. రెండు వేళ్ళ వెడల్పున ఉక్కుపట్టీ, దాన్ని బిగించే మిషనూ. చెట్టు నడుముకి చుట్టి, పిడి పట్టుకుని కిర్రు కిర్రుమని బిగించాడు. పట్టీ బెరడులోకి దిగి, అంచున పాలు కారాయి. మా అత్త దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టింది. "ఇనప మొలతాడు" అని మురిసిపోయింది.

నా నోరు ఊరుకోలేదు. "అత్తా, అది తీయించు. చెట్టు చచ్చిపోద్ది" అన్నాను.

"ఏటే పొద్దున్నే ఆ మాటలు?"

"నిజం. ఆకులు వండిన తిండి ఆ బెరడు కిందనించే వేరుకి దిగుతాది. అక్కడ నొక్కేత్తే దిగదు. వేరు ఆకలికి చచ్చిపోద్ది. చంటిపిల్లకి మొలతాడు కట్టినా పిల్ల పెరిగేకొద్దీ వదులు చేత్తాం కదా? చెట్టు కూడా లావెక్కుతాది. దీన్ని ఎవరు వదులు చేత్తారు?"

 మా అత్త పకపకా నవ్వింది. "ఆకులు వంట సేత్తాయంట! మరి గిన్నెలు ఎవులు తోముతారే?"

గోడ అవతలావిడ నవ్వింది. మా తోడికోడలు చెంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన, "ఒలే, నీ కోతలు నీ బడి గుంటలకి సెప్పుకో. అమ్మకి కాదు" అని గొడ్డలి తీసి లోపల పెట్టడానికి పోయాడు.

నవ్వనివాడు మా బావగారొక్కడే. మిషను తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "అయితే అమ్మా, తిండి దిగకపోతే ఏరు ఎన్నాళ్ళుంటాది?"

ఆ ప్రశ్నకి నా ప్రాణం లేచొచ్చింది. ఒక్క మనిషైనా వింటున్నాడు! పూసగుచ్చినట్టు చెప్పాను. "దాచుకున్నది తిని కొంతకాలం ఉంటాది బావగారూ. వేరు బతికున్నన్నాళ్ళూ నీళ్ళు ఎక్కుతానే ఉంటాయి, ఆకులు పచ్చగానే ఉంటాయి. పైకేటీ తెలీదు. వండిందంతా పైనే ఆగిపోయి, ముందు కాయలు కూడా బాగా కాయొచ్చు. ఆ తరవాత వేరు ఎండుతాది. నీళ్ళు ఆగిపోతాయి. అప్పుడింక బేమ్మ దేవుడొచ్చినా బతకదు."

"ఊఁ" అన్నాడు. పట్టీ మీద వేలితో టకటకమని కొట్టి చూసి, వెళ్ళిపోయాడు.

మర్నాడు రేకులు కోసే కత్తెర పట్టుకుని నేనే వెళ్ళాను. మా అత్త ఎక్కడినుంచి చూసిందో, వచ్చి అడ్డం నిలబడింది. "ఆ మొలతాడు మీద సెయ్యేసేవంటే నా మీద ఒట్టే" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్ళల్లో నవ్వు లేదు. చెట్టు ఆవిడ మొగుడు నాటింది. కాయకపోతే కొట్టెయ్యమన్నది ఆవిడ నోరే. ఎలాగైనా కాయించి నిలబెట్టుకోవాలని ఆవిడ తాపత్రయం. మేమిద్దరం ఒకే చెట్టు కోసం కొట్టుకుంటున్నామని నాకు తెలుసు. ఆవిడకి ఎలా చెప్పను? కత్తెర లోపల పెట్టేశాను.

చలి తగ్గేసరికి చెట్టు విరగకాసింది.

ఎలా కాసిందని చెప్పను? నేను ఉన్నది ఉన్నట్టు చెప్పినా కోతే అనుకుంటారు. పట్టీకి పైన మొదలు కనపడలేదు, పిందె మీద పిందె. కొమ్మలు కిర్రుమంటున్నాయి. పట్టీకి కింద మాత్రం ఒక్కటి లేదు. అది ఒక్కరూ గమనించలేదు. పైన అంత ఉంటే కిందెవరు చూస్తారు?

మా అత్త కాలు నిలవలేదు. లేత కాయలు కోసి, పొట్టు కొట్టించి, వీధి వీధంతా పంచింది. పంచిన ప్రతి ఇంట్లోనూ నా పరువు కూడా కొంచెం కొంచెం పంచింది. "మా కోడలేటందో తెలుసా? ఏరుకి అన్నం అందదంట!" వాళ్ళు నన్ను చూడగానే, "ఏటి మాస్టరమ్మా, మీ ఏరు తిన్నాదా? కేరేజీ అందిందా?" అనేవాళ్ళు. పిల్లలు కూడా మొదలుపెట్టారు. "ఆంటీ, టిఫిన్ ఆయా క్యా?" అని బెరడు మీద తలుపు కొట్టినట్టు కొట్టేవాళ్ళు.

నేనేం తక్కువ తిన్నానా? ఒక కాయని దింపడానికి కంపెనీ నుంచి క్రేను తెప్పించామని, అది దిగేటప్పుడు క్రేను వెనకచక్రాలు లేచిపోయాయని ఊరంతా చెప్పాను. అందరూ బాగుందన్నారు. పనసపొట్టు కూర నేనూ తిన్నాను. ఆవ సరిగ్గా పడింది. తింటూ కూడా ఆ పట్టీ వైపే చూసేదాన్ని.

ఎందుకంటే నేను రోజూ ఆ మొదలుకి వీపు ఆనించి కూచునేదాన్ని. నా వీపుకి తెలుస్తోంది. పట్టీకి పైన బెరడు ఉబ్బి, బెల్టు మీద జారిన పొట్టలా వేలాడుతోంది. కింద సన్నగా, ఎక్కడిదక్కడే ఉండిపోయింది. తిండి అక్కడిదాకా వచ్చి, దారి లేక కుప్పపడుతోంది. మా ఆయన్ని పిలిచి చూపించాను.

"బాగా తిని బలిసింది" అన్నాడు. "కాసిన సెట్టు కదా."

కాయలన్నీ దిగాక, ఒకరోజు మా బావగారు మళ్ళీ మిషను పట్టుకొచ్చాడు. "అమ్మా, పాత పట్టీ తుప్పట్టినట్టుంది. ఈ యేడు ఇంత కాసింది కదా, దాని పక్కనే ఇంకోటి ఏద్దారి" అన్నాడు వాళ్ళమ్మతో. మా అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొట్టేస్తానన్న కొడుకే చెట్టుకి సేవ చేస్తున్నాడు. "పెద్దోడికి సెట్టంటే ఎంత పేమో సూడవే" అని నన్ను పొడిచింది.

"ఒద్దు బావగారూ" అన్నాను.

"అమ్మ మాట కాదనలేం కదమ్మా" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. కిర్రు కిర్రుమని బిగించాడు. ఈసారి పిడి ఇంకో రెండు చుట్లు ఎక్కువే తిప్పాడనిపించింది. మా అత్త పసుపు రాసింది.

ఆ వానాకాలం ఊరంతా పచ్చగా ఉంది. రోడ్ల పక్క గడ్డి కూడా, ఆ ఎర్రదుమ్ము కడుక్కుని, కొత్తచీర కట్టుకున్నట్టుంది. మా పనసచెట్టు ఒక్కటే పసుపుపచ్చబడింది. ముందు చిటారు కొమ్మలు. తర్వాత ఆకులు పట్టు వదిలేసి, గాలి లేకపోయినా రాలడం మొదలుపెట్టాయి. నీళ్ళు వానలా పడుతున్నాయి. తాగేవాళ్ళు కింద లేరు.

చెట్టుకింద నేను చాపని జరుపుతూ పోయాను. నీడకి చిల్లులు పడ్డాయి. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ మిగిలిన నీడలోకి దూరేవాళ్ళు. ఒకరోజు దూరడానికి కూడా మిగల్లేదు.

అప్పుడైనా నా మాట నిజమైందని ఎవరైనా అంటారనుకున్నాను. చిన్న ఆశ. మనిషికి ఉంటుంది. మా అత్త ఎండిపోయిన చెట్టుకింద చతికిలబడి, నా వైపు వేలు చూపించింది.

"నువ్వే! సస్తాది సస్తాదని ఆ రోజే అన్నావు. నీ నోరే తగిలింది దానికి. కాసే సెట్టుని నల్లనాలికతో సంపేసేవు కదే!"

చూడండి ఎలా ఉందో. నేను చెప్పిన కారణం ఎవరూ నమ్మలేదు. నా నాలుకని మాత్రం వీధంతా నమ్మేసింది. ఆకు, వేరు, బెరడు ఇవన్నీ కోతలు. ఒక ఆడదాని నోటివాక్కుకి చెట్టు ఎండిపోవడం మాత్రం శాస్త్రం. మా తోడికోడలు కొత్తగా వేసిన తులసి దగ్గరికి నన్ను రానివ్వడం మానేసింది. పిల్లల్లో కొందరి తల్లులు, "మా వాడికి పరీక్షలు దగ్గరకొచ్చాయి, వేరే సార్ దగ్గర పెట్టాం" అన్నారు. పరీక్షలు దగ్గరకొస్తే పాఠాలు మాన్పిస్తారని అప్పుడే తెలిసింది.

"గుడ్డిదానా, ఆ పట్టీ చూడు!" అని మా అత్త మీద అరవాలనిపించింది. ఆవిడ ఆ మొదలుని చేత్తో రాస్తూ కూచుంది. అరవలేదు.

ఎండిన చెట్టుని కొట్టడానికి మా అత్త శాసనం అడ్డురాదు. మా బావగారు రంపంవాళ్ళని పిలిపించాడు. వాళ్ళు పట్టీల దగ్గర రంపం పెట్టబోయి, పళ్ళు విరుగుతాయని కొంచెం కిందకి జరిగారు. పట్టీలు సగానికి సగం బెరడులో కూరుకుపోయి, చెట్టు వాటిని మింగబోయి మింగలేక ఆగిపోయినట్టుంది. మొదలు పడ్డప్పుడు పెద్ద చప్పుడు రాలేదు. లోపల తడి లేదు.

దీపావళి దాటాక పునాదులు తవ్వారు. అప్పుడు వేళ్ళు బయటపడ్డాయి. సుబర్ణరేఖ దాకా పోలేదు. మా వంటింటి గోడ కింద దాకా వచ్చి ఆగిపోయాయి. పట్టుకుంటే రొట్టెముక్కలా విరిగాయి.

రెండు గదులు లేచాయి. రేకు కాదు, స్లాబు. సున్నం ఆరకముందే మా బావగారు నన్ను పిలిచి, "నీ గుంటలకి ఇబ్బందవుతుందేమో అమ్మా. ఒక గది నువ్వే తీసుకో. అద్దె కొంచెం తగ్గిత్తాను" అన్నాడు. నా నీడ ఉన్న చోటుకి నేను అద్దె కట్టాలి. ఆలోచిస్తానని చెప్పాను. మిగిలిన నలుగురు పిల్లల్ని రేకు కిందే కూచోబెట్టి, విసనకర్ర వాళ్ళ చేతుల్లో పెట్టాను.

మొన్న వేసవి మొదట్లో గోడ అవతలి ఒడియా ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. వాళ్ళింట్లో ఒక మామిడిచెట్టు ఉంది, కాత సరిగ్గా లేదు. మా పనస కాసిన వైభవం ఆయన మర్చిపోలేదు. "దాదా, మీ దగ్గర ఆ పట్టీ ఉంటే ఒకటి ఇవ్వండి" అని హిందీలో మా బావగార్ని అడిగాడు. అద్దెకున్న కుర్రాళ్ళు ఇద్దరు అక్కడే నిలబడి ఉన్నారు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను.

మా బావగారు తల అడ్డంగా ఊపాడు. ఇటుకముక్క తీసుకుని, కొత్త గది గోడ మీద చెట్టు బొమ్మ గీశాడు. పైకి ఒక బాణం. "పానీ ఊపర్." కిందకి ఒక బాణం. "ఖానా నీచే." ఆకు వంటగదని, ఎండే పొయ్యని, వండింది బెరడు కింద నుంచి వేరుకి దిగుతుందని, అక్కడ పట్టీ కడితే ముందు విరగకాసి తర్వాత చెట్టు చచ్చిపోతుందని చెప్పాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. నేను ఇన్నేళ్ళు చెప్పిన పాఠం కన్నా శుభ్రంగా ఉంది. ఒడియా ఆయన దణ్ణం పెట్టినంత పనిచేశాడు. కుర్రాళ్ళు, "అంకుల్‌కి ఎంత తెలుసో" అన్నట్టు చూశారు. ఒక్కడు నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక చేట పక్కన పెట్టి అడిగాను. "బావగారూ, ఇదంతా మీకెప్పుడు తెలిసింది?"

నేననుకున్న జవాబు చెట్టు పోయాక ఎవరో చెప్పారని. లేదా ఏ ఫోన్లోనో చూశానని.

ఆయన చేతికి అంటిన ఎర్రపొడి దులుపుకున్నాడు. నా వైపు చాలా మర్యాదగా చూశాడు. "నువ్వే కదమ్మా సెప్పేవు. పట్టీ కట్టిన రోజున, అక్కడే నిలబడి. ఆళ్ళందరూ నవ్వేరు గానీ, నాను నమ్మేను."

అని లోపలికి వెళ్ళిపోయాడు.

నేను చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాను. రాళ్ళేవో గింజలేవో కాసేపు కనపడలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన మాట పూర్తిగా, అక్షరం తీసెయ్యకుండా నమ్మిన మనిషి ఒక్కడే ఒక్కడు. నమ్మి, రెండో పట్టీ తెచ్చాడు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి రాగానే చెప్పాను. అంతా విని, చెప్పులు విప్పుతూ, "మా అన్నయ్యకి అంత బుర్రేటే! కానీ బాగుంది. నువ్వల్లినవాటిల్లోకెల్లా ఇదే బాగుంది" అన్నాడు.

మా అత్తకి చెప్పలేదు. ఈ నెల ఆవిడ మా వాటాలోనే ఉంది. పొద్దున్నే గుమ్మంలో కూచుని, చెట్టున్న వైపు గోడని చూస్తూ నన్ను తిడుతుంది. తిట్టనిస్తున్నాను. ఆ రెండు పట్టీలకీ పసుపు రాసింది ఆవిడ చేతులే.